ఫిలోమినా పెంచిన తెల్లకోళ్ళు

రొంపిచెర్ల,
12 ఆగస్టు 1961

ప్రియమైన రాజమ్మ వదినకు,

మీ చెల్లెలి చివరి రోజు ఎలా గడిచిందో రాయమని కబురు పంపారు. టైఫాయిడ్‌తో మంచం దిగలేక, సమాధికి కూడా రాలేకపోయారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ మంగళవారం ఫిలోమినా ఎప్పటిలాగే లేచి కోళ్ళగూడు తలుపు తీసింది. గింజలు చల్లింది. తెల్లకోళ్ళ గుడ్లు ఏరి గంపలో వరిగడ్డి మీద సర్దింది. ఆయాసంగా ఉందని గడప మీద కూర్చుంది. నేను క్యాంపు మానుకుని డాక్టరు కోసం మనిషిని పంపాను. మధ్యాహ్నం కాస్త గంజి తాగింది. మర్నాడు నరసరావుపేటలో సంత అని గుర్తొచ్చినట్టుంది. "గుడ్లు మీరు సంతకు తీసుకెళ్ళొద్దండీ. అక్క ఇంటికి పంపండి, అక్క చూసుకుంటది" అంది. నాలాంటి ఆఫీసరు నెత్తిన గుడ్లగంప చూసి జనం నవ్వుతారని ఆమె బాధ అనుకున్నాను. సరేనన్నాను. ఆ తరవాత మాట్లాడలేదు. డాక్టరు వచ్చి సూది వేశాడు. దీపాలవేళకు ఊపిరి ఆగింది. గుండెజబ్బు అన్నాడు.

భార్య చివరి మాట గుడ్ల గురించి అని వేరే ఎవరికీ చెప్పలేను. మీకు చెప్పుకున్నాను.

మీ మరిది,
ప్రభాకరరావు

⁂

నరసరావుపేట,
18 ఆగస్టు 1961

ప్రియమైన ప్రభాకరానికి, ప్రభువు ఆదరణ నీకు తోడుగా ఉండాలి.

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాను. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల.

ఒక్క మాట విను. దాని మాట ప్రకారం గుడ్లు సంతకు తీసుకెళ్ళకు. వండుకు తిను, ఇరుగుపొరుగుకు పంచు. నేను లేచి తిరిగాక మాట్లాడుకుందాం.

మీ వదిన,
రాజమ్మ

⁂

రొంపిచెర్ల,
28 ఆగస్టు 1961

ప్రియమైన వదినకు,

మీ మాట కాదన్నందుకు ఏమీ అనుకోకండి. ఎన్ని గుడ్లని తింటాను? పోయిన సంతకు నేనే తీసుకెళ్ళాను. ఎప్పుడూ ఫిలోమినా దగ్గర కొనే నూర్ మొహమ్మద్ గంప మీది గుడ్డ తీసి చూసి, మళ్ళీ కప్పేశాడు. "అమ్మ తెచ్చేది నాటుగుడ్డు సార్. ఇదేంది, సున్నం కొట్టినట్టు? బాలింతలున్న ఇళ్ళకి అమ్ముకునేటోణ్ణి. ఇయ్యి నాకొద్దు" అన్నాడు. రెండేళ్ళుగా మా ఇంట్లో ఒక్క నాటుకోడి లేదయ్యా అన్నాను. నన్ను జాలిగా చూశాడు. ధర తగ్గించడానికి ఎత్తు వేశాడు. గంప వెనక్కి తెచ్చాను.

అది పోనివ్వండి. మీతో అసలు చెప్పవలసింది వేరే ఉంది. తెల్లకోళ్ళు తెచ్చిన రోజు, వీటి గుడ్లు ఇక్కడ ఎవరూ కొనరని బ్లాకు ఆఫీసులో అందరూ అన్నారు. ఫిలోమినా ఒక్క గుడ్డు మిగలకుండా అమ్మి చూపించింది. అది చూసే పథకం మంజూరైంది. సెప్టెంబరు ఎనిమిది, శుక్రవారం, మా ఊరి ఆడవాళ్ళు నాటుకోళ్ళను అప్పగించి తెల్లకోళ్ళు తీసుకుంటారు. నాటుకోళ్ళను మాంసం వ్యాపారి ఆ ఉదయమే లారీలో గుంటూరు తీసుకుపోతాడు. ఆ రోజే ఊళ్ళో తెరిచే కోళ్ళ కేంద్రానికి ఫిలోమినా పేరు పెట్టడానికి పైవాళ్ళను ఒప్పించాను. నాకు మిగిలింది అదొక్కటే.

గుడ్ల మీదే పిల్లల్ని సాకుతున్న హనుమాయమ్మ మొన్న నలుగురిలో అడిగింది: "తెల్లకోడి పొదగదంట గదా అయ్యగారూ. మరి గుడ్ల మీద మీరు కూకుంటారా?" అందరూ నవ్వారు. ఫిలోమినా ఉంటే అందరికన్నా ఎక్కువ నవ్వేది. "అమ్మగారు అమ్మింది గదా, మాకూ అమ్ముడుబోతయ్ లే" అని చివరకు హనుమాయమ్మే ముందు పేరు రాయించుకుంది.

ఆ రోజు మీరు రావాలి.

మీ మరిది,
ప్రభాకరరావు

⁂

నరసరావుపేట,
5 సెప్టెంబరు 1961

ప్రియమైన ప్రభాకరానికి,

వారం రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఇక ఆగితే ఆ ఆడవాళ్ళ ఉసురు నాకు తగులుతుంది.

నూర్ మొహమ్మద్ ఎత్తు వెయ్యలేదు. అతను ఇన్నాళ్ళూ కొన్నది నాటుగుడ్లనుకునే కొన్నాడు. మొదటి సంతకు ఫిలోమినా తెచ్చిన తెల్లగుడ్లు గంప గంపంతా వెనక్కి వచ్చాయి. పత్యానికి పనికిరావన్నారు, రోగిష్టి కోడి గుడ్లన్నారు. మా అరుగు మీద కూర్చుని ఏడ్చింది. ఆ తరవాత చిక్కటి టీ నీళ్ళు కాచి, చల్లార్చి, గుడ్లు అందులో నానబెట్టి ఆరేశాం. నాటుగుడ్డు రంగు వచ్చింది. అప్పటినుంచీ ప్రతి సంతకూ ముందురోజు మా వంటింట్లో అదే పని.

నేను తిట్టేదాన్ని. "ఎన్నాళ్ళే ఈ దొంగపని, మొగుడికి చెప్పుకోక" అని. "ఆయన చదివిన చదువంతా ఆ కోళ్ళ మీదే పెట్టుకున్నాడక్కా. అయ్యి ఓడితే తానే ఓడినట్టు కుంగిపోతాడు. జనం నెమ్మదిగా అలవాటు పడతార్లే, అప్పుడు మానేద్దాం" అనేది. ఊరందరికీ తెల్లకోళ్ళు ఇస్తారని విన్నాక దానికి నిద్ర పట్టలేదు. ఆదివారం పూజ అయ్యాక నీకు చెప్పేస్తానంది. ఆ ఆదివారం దాకా దేవుడు ఉంచలేదు.

ఆ ఆడవాళ్ళను నువ్వే కాపాడాలి. కానీ సంతలో దాని పేరు దొంగ అని పడకుండా చూడగలవా ప్రభాకరం?

మీ వదిన,
రాజమ్మ

⁂

రొంపిచెర్ల,
7 సెప్టెంబరు 1961

ప్రియమైన వదినకు,

ఉత్తరం ఈ సాయంత్రం అందింది.

ఫిలోమినా సంత నుంచి వచ్చి ఖాళీ గంప దించి, "అన్నీ పోయినయండీ" అనేది. నేను తల ఊపేవాణ్ణి. ఆమె వెంట ఒక్క సంతకైనా వెళ్ళలేదు. గుడ్డు పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, గుడ్డు బలాన్ని బట్టి కాదు. ఆ సంగతి ఆమెకు బాగా విడమరచి చెప్పాను. సంతలో వాళ్ళకు చెప్పే పని మాత్రం ఆమెకే వదిలేశాను.

వంటింట్లో ఆ గుడ్లు ఆరేస్తూ మీరిద్దరూ ఏం మాట్లాడుకునేవారో ఎప్పుడైనా రాయండి. ఆమె మాటలు నాకు తెలియనివి ఇంకా ఉన్నాయంటే, అదే కొంత ఊరట.

కేంద్రం ఉండదు. ఆమె పేరూ ఉండదు. ఉద్యోగం సంగతి తరవాత చూసుకుంటాను. ఒక్కటి మాత్రం మిమ్మల్ని కోరుతున్నాను. నేను చెప్పబోయేదాన్ని ఎవరు అడిగినా కాదనకండి.

రేపు ఉదయం లారీ రాకముందే హనుమాయమ్మ ఇంటికి వెళ్ళి, కోళ్ళ కాళ్ళకు కట్టిన తాళ్ళు విప్పెయ్యమంటాను. తరవాత అందరినీ పిలిచి, ఫిలోమినాకు తెలియకుండా గుడ్లకు రంగు వేసింది నేనని చెబుతాను.

మీ మరిది,
ప్రభాకరరావు