పెద్ద గొట్టం సంగతి

నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేను, నాతో వచ్చిన వడ్రంగులిద్దరూ, లారీ కుదుపులకు ఓర్చుకున్న ఆర్గన్ గొట్టాలన్నీ క్షేమం. అక్కడ మీరూ, తమ్ముడూ, మరదలూ, మీ మోకాలూ క్షేమమని తలుస్తాను. మోకాలి సంగతి మీరు రాయలేదు గానీ, వర్క్‌షాపులో నిచ్చెనెక్కి చెక్కలు సర్దుతున్నారని తమ్ముడు రాశాడు. వాడిని కోప్పడకండి, నేనే అడిగి రాయించుకున్నాను.

మీరు అడిగినవాటికి జవాబులు. చర్చి అంత పాతది కదా, మేడమీది చెక్కనేల ఆర్గన్ బరువు మోస్తుందా అన్నారు. మోస్తుంది. కింద కొత్త దూలాలు వేయించాకే మొదటి పెట్టె పైకి ఎక్కించాను. గొట్టాలకు గాలి ఊదే తిత్తులకు తోలు మీరు చెప్పిన చోటే కొన్నాను. చప్పుడు లేకుండా లేస్తున్నాయి, దిగుతున్నాయి. వేళకు తింటున్నానా అంటే, తింటున్నాను. ఒక్క గొట్టమైనా ఆలస్యంగా పలుకుతోందా అని కూడా అడిగారు. దానికి మాత్రం జవాబు చివర్లో రాస్తాను. కాగితం తిప్పి చూడకండి.

ఆర్గన్ బాగా కుదిరింది. గొప్పలు పోతున్నాననుకున్నా సరే, కుదిరిన పనిని కుదిరిందనే అంటాను. మొదటిసారి అన్ని గొట్టాలూ కలిపి పలికించినప్పుడు పాస్టరుగారు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు.

"కిటికీ అద్దాలకేం కాదు కదమ్మా?"

"అద్దాలకేం కాదు గానీ, వెనక బెంచీల్లో కునుకు తీసేవాళ్ళకే ఇక కష్టకాలం," అన్నాను. ఆయన నవ్వారు. వాళ్ళ పేర్లు ఆయనకు బాగానే తెలిసినట్టున్నాయి.

ఇక్కడ ఆర్గన్ వాయించే ఆయన్ని అందరూ గడియారం మాస్టారంటారు. తాళం తప్పితే సొంత అన్ననైనా వదలరట. కొత్త ఆర్గన్ మీద ఒకసారి పాడి చూద్దామని పోయిన వారం ఆయన జనాన్ని పిలిచారు. మొదటి పాట నేను కోరుకున్నదానికన్నా బాగా వచ్చింది. రెండోది, పోయినవాళ్ళను తలుచుకుంటూ పాడే పాట. అందులో ఒకచోట పాట అన్నిటికన్నా అడుగు స్వరంలోకి దిగుతుంది. సరిగ్గా అక్కడ జనమంతా ఒక్కసారిగా ఆగిపోయారు. నా ఆర్గన్ ఆగలేదు. సగంమంది ఉరుకులు పరుగులతో దాన్ని అందుకోబోయారు, మిగతావాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. మళ్ళీ పాడించాం. మళ్ళీ అక్కడే, అదే తంతు.

కారణం వెతికితే ఇంతకుముందు ఇక్కడున్న పాత ఆర్గన్ దగ్గర తేలింది. దాని పెద్ద చెక్క గొట్టానికి పలకాలంటే తీరిక కావాలి. వేళ్ళతో మెట్లు నొక్కగానే పై స్వరాలు పలికి నిలబడితే, ఇది నింపాదిగా కింద నుంచి వచ్చి కలిసేది. ఆ అడుగు స్వరం కావలసిన పాట వీళ్ళకు ఇదొక్కటే. తాతల నాటి నుంచీ ఆ స్వరం కోసం ఆగడం, అది వచ్చాక తర్వాతి మాట అందుకోవడం అలవాటైపోయింది. ఆ ఆగడం పాటలోనే ఉందని అందరి నమ్మకం. పాటలో లేదు, గొట్టం జబ్బులో ఉంది.

నేను ఇదంతా విడమరిచి చెప్పి, ఇక ఆ బాధ లేదని, నా గొట్టం వెంటనే పలుకుతుందని హామీ కూడా ఇచ్చాను. ముందు బెంచీలో కూర్చునే మామ్మగారు ఓపిగ్గా విన్నారు.

"పలకడం బాగానే పలుకుతోందమ్మా," అన్నారు. "అక్కడ పాట ఆగేది కదా, ఆ కాస్తసేపట్లో నేను మా ఆయన్ని తలుచుకునేదాన్ని. ఇప్పుడు ఆయన మొహం గుర్తొచ్చేలోపే పాట వెళ్ళిపోతోంది."

ఎవరూ నవ్వలేదు. పక్కనున్నవాళ్ళు తలలూపారు. గడియారం మాస్టారు అక్కడ తానే ఆపి వాయించబోయారు. ఒకసారి మరీ ఎక్కువైంది, ఒకసారి ఆగినట్టే లేదు. "ఆగడం నా ఒంట్లో లేదమ్మా," అని చేతులెత్తేశారు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. నాన్నా, మీరు ఏళ్ళ తరబడి ఆరబెట్టి, ఎవరడిగినా ఇవ్వకుండా నాకోసం దాచిన చెక్కతో చేసిన పెద్ద గొట్టాన్ని దించేశాను. దానిలో ఏ లోపమూ లేదు. చర్చి వెనక కొట్టులో పడి ఉన్న పాత గొట్టాన్ని తెచ్చి, పగుళ్ళు అతికించి, పురుగు తిన్నచోట కొత్త చెక్క వేసి, శ్రుతి సరిచేసి, ఆ చోటే నిలబెట్టాను. దాని ఆలస్యాన్ని మాత్రం ముట్టుకోలేదు. "పెద్దాయనకు తెలిస్తేనో?" అని వడ్రంగులు గొణిగారు. తెలియజేస్తూనే ఉన్నాను.

ఆలస్యంగా పలికే గొట్టం మన చేతి మీదుగా వెళ్ళకూడదన్నది మీ నియమం. ప్రారంభానికి వచ్చి, ఎప్పటిలాగే ముందు పెద్ద గొట్టాన్ని పలికించే ఆ ఎడమ చివరి కాలిమెట్టే తొక్కి చూస్తారు. అందుకే ముందే చెబుతున్నాను. మీరు పంపిన, మీ పేరున్న ఇత్తడి బిళ్ళ ఇంకా బిగించలేదు. మీరు ఒప్పుకోని పని మీద మీ పేరు పెట్టే హక్కు నాకు లేదు. మీ పేరు కోసం గొట్టం మార్చే ఉద్దేశమూ లేదు. వద్దంటే బిళ్ళ మీ వెంటే ఇంటికి వస్తుంది, నా పేరుతో ఒకటి చేయించుకుంటాను. మీ పేరు లేని ఆర్గన్ నేనింతవరకూ చేయలేదు. తలుచుకుంటేనే దిగులుగా ఉంది.

నిన్న పాత గొట్టంతో మళ్ళీ పాడించాం. ఆ చోటికి వచ్చి అందరూ ఆగారు. మామ్మగారు కళ్ళు మూసుకున్నారు. నేను ఆర్గన్ లోపల గొట్టాల మధ్య నిలబడి ఉన్నాను. స్వరం ఎంతసేపటికి వస్తుందో చూడాలని వెళ్ళినదాన్ని, ఆ పని మర్చిపోయి అమ్మను తలుచుకున్నాను. అమ్మ పోయాక, ఇంట్లో ఎవరు తన మాట ఎత్తినా మీరు లేచి వర్క్‌షాపులోకి వెళ్ళిపోతారు. ఈసారి ఆ పాట వచ్చినప్పుడు లేచి వెళ్ళకండి. నా పక్కన కూర్చోండి. అమ్మ మొహం గుర్తు రావడానికి ఆ కాస్తసేపు సరిపోతుంది నాన్నా, నేను చూశాను.

ఇట్లు,
మీ మాట ఇన్నాళ్ళకు కాదన్న
మీ అమ్మాయి