పొగమంచులో మీ బావగారి చప్పుడు

చెల్లీ,

నీ కార్డు అందింది, ఇద్దరం కులాసా. మీ బావగారి జలుబు కూడా మాతోపాటే కొండలెక్కింది. నువ్వు పంపుతానన్న మందు సంగతి చివర్లో రాస్తాను.

ఇక్కడ సంత సరస్సు ఒడ్డునే. మధ్యాహ్నం కొండల మీంచి పొగమంచు దిగిందంటే పక్కమనిషి కనబడడు. అప్పుడు కొట్టుకో చప్పుడు మొదలవుతుంది. రొట్టెలాయన గంట కొడతాడు, చేపలామె పళ్లెం మోగిస్తుంది. జనం చెవులతో వెతుక్కుంటూ వెళ్లి కొనుక్కుంటారు. ఇద్దరిదీ ఒకే చప్పుడైతే ఏం చేస్తారో అనుకుంటూ వెనక్కి తిరిగితే మీ బావగారు లేరు! నా కేకలు ఆ మోతలో కలిసిపోయాయి.

చేపలామె, "మీ ఆయన చప్పుడేంటమ్మా?" అంది. అంతలో సంతంతా అదిరేలా ఒక తుమ్ము. మీ పాపని ఉయ్యాల్లోంచి లేపి నీచేత తిట్లు తిన్న తుమ్మే! "అదిగో, అదే మా ఆయన" అన్నాను. దాని వెంటే వెళ్లి, ఆయన చెయ్యి పట్టుకుని, పసిపిల్లలకి అన్నట్టు "చిరంజీవ" అన్నాను.

మా కుండీలకి నీళ్లు పోస్తున్నావా? పిల్లి తిరిగొచ్చిందా? పాపకి ముద్దులు, మరిదిగారికి మా ఆశీస్సులు.

మందు ఇప్పుడే పంపకు. ఇంకో వారం ఈ పొగమంచులోనే ఉంటాం.

మీ అక్క