ఆవిరి పట్టని పావుకిలో

మార్చి 4
చెల్లికి ఆరో నెల నిండింది. ఇంతకుముందు రెండుసార్లు నాలుగు కూడా దాటలేదు. మా ఇంట్లోనే ఉంటోంది. పైకి నవ్వుతుంది. బాత్‌రూమ్‌లో కాస్త ఆలస్యమైతే వెళ్లి తలుపు కొడతాను.

మార్చి 6
ఫ్యాక్టరీలో ప్రతి బాదం లాట్ నుంచి రెండు శాంపిల్స్ తీస్తాను. ఒకటి ఆవిరి గదిలోకి వెళ్లకముందు, ఒకటి బయటికొచ్చాక. క్రిములు చచ్చాయో లేదో చూడాలి. ఆవిరి పట్టని గింజ గేటు దాటకూడదని రూల్. టెస్టుకు పోగా మిగిలింది పారేయాలి.
ఈరోజు పారేయలేదు. ఆవిరికి ముందు తీసిన శాంపిల్లో మిగిలిన పావుకిలో లంచ్ బాక్సులో తెచ్చాను. వేడి తగిలితే గింజలో సత్తువ పోతుందని లైన్‌లో అందరూ అంటారు. ఆవిరి గది ఆపరేటర్‌ని కుక్కర్ మామ అంటాం. బాక్సు చూసి, ఏమ్మా, నా వంట నచ్చలేదా అన్నాడు. నవ్వేశాను.

మార్చి 7
నిన్న నానబెట్టినవి పొద్దున్నే పొట్టు తీసి చెల్లికి పది ఇచ్చాను. అక్కా, నన్ను ఉడతను చేసేలా ఉన్నావే అంది.

మార్చి 10
రోజూ పది. బుగ్గలు నిండాయి. బిడ్డ తన్నినప్పుడల్లా, ఈ వైపక్కా అంటూ నా చెయ్యి లాక్కుని పొట్ట మీద పెట్టుకుంటోంది.

మార్చి 12, ఉదయం 11.20
ఆరో తేదీ లాట్ రిపోర్టు వచ్చింది. ఆవిరికి ముందు: సాల్మొనెల్లా పాజిటివ్. తర్వాత: నెగెటివ్. మేనేజర్ సంతోషపడ్డాడు. మన ఆవిరి పనిచేస్తోందన్నమాట, పంపించెయ్యండి అన్నాడు. సంతకం చేశాను. నా సంతకంలా లేదు.
కింది పేజీ పోషకాల టేబుల్. విటమిన్ ఇ, ఆవిరికి ముందూ తర్వాతా ఒకటే అంకె. ఆ టేబుల్ ఎనిమిదేళ్లుగా నేనే టైప్ చేస్తున్నాను.

సాయంత్రం
మిగిలినవి పారేశాను. గిన్నె మరిగే నీళ్లతో కడిగాను. చెల్లి బాదం ఏదని అడిగింది. అయిపోయిందన్నాను. పిసినారి అంది.
ఆరు రోజులు, అరవై గింజలు. నీళ్లలో నానితే ఆ క్రిమి ఎన్ని రెట్లు పెరుగుతుందో కొత్తగా చేరినవాళ్లకు పాఠం చెప్పేది నేనే.

మార్చి 13
ఏమీ లేదు. ఆరుసార్లు నుదురు తాకి చూశాను. నేనేమైనా ఇస్త్రీపెట్టెనా అని విసుక్కుంది.

మార్చి 14, ఉదయం 6
విరేచనాలు. జ్వరం 102.

9.30
ఆసుపత్రి. బయట ఏమైనా తిన్నారా అని డాక్టరమ్మ అడిగింది. లేదండీ, అక్క చేతి తిండే, నన్ను గడప దాటనిస్తేగా అని చెల్లి గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను సెలైన్ సీసా వైపు చూశాను. వైరల్ కావచ్చు, కల్చర్ రిపోర్టుకు మూడు రోజులు పడుతుందంది.
చెల్లి మొగుడు ఫోన్ చేశాడు. వదినా, నువ్వున్నావు కాబట్టి గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నాను అన్నాడు.
చెబితే ఉద్యోగం పోతుంది. అది పోనీ. చెల్లికి ఏమని చెప్పాలి.

11.40
103. బిడ్డ కదలడం లేదక్కా అంది.
కారిడార్‌లో డాక్టరమ్మ వెంట పరుగెత్తాను. సాల్మొనెల్లా అన్నాను. మీకెలా తెలుసంది. లాట్ నంబరుతో సహా చెప్పాను. తిట్టలేదు. ఎన్ని గింజలు, ఎన్ని రోజులు అని రాసుకుంది. నర్సును కేకేసి మందు మార్పించింది. మీ ఫ్యాక్టరీకి ఉత్తరం వెళ్తుందంది. పేషెంటుకు ఎవరు చెప్తారంది. నేనే అన్నాను.

12.15
చెప్పాను. గోడవైపు తిరిగింది.

మార్చి 15
100. స్కాన్‌లో గుండె కొట్టుకుంటోంది. ఆవిడ తెచ్చిన అన్నం నాకొద్దు అని నర్సుతో అంది. ఆవిడ అంటే నేను.

మార్చి 16
బిడ్డ తన్నిందట. నర్సు బయటికొచ్చి చెప్పింది.
ఏ వైపు అని అడగలేదు.