పది సెంటీమీటర్ల గడి

సౌభాగ్యవతి, నా అర్ధాంగికి మాస్టారు ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ నేనూ, నీ కుట్టుమిషనూ, కిటికీలోని మొక్కలూ కుశలమే. ఆపరేషను అయిన మీ అక్కగారి మోకాలు మళ్ళీ వంగుతున్నదని, నీవు చేయి పట్టుకుని ఆమెను ఇంట్లోనే నడిపిస్తున్నావని తెలిసి సంతోషించాను. ఇదంతా ఫోనులో చెప్పవచ్చును గదా అంటావేమో. ఫోనులో నేను కర్త, కర్మ చెప్పి క్రియకు వచ్చేలోగా నీవు "సరేలెండి" అని పెట్టేస్తావు. ఉత్తరంలో నీకు ఆ సౌకర్యం లేదు. ఈసారి నా వాక్యం పూర్తయ్యేదాకా వినక తప్పదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. పొయ్యి ఆర్పానో లేదోనని పడుకోబోయే ముందు ఒకసారి చూస్తున్నాను; చూశానో లేదోనని మరొకసారి చూస్తున్నాను. మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను గాని, వాటిలో ఒకటి నాతో అలిగి తల వాల్చింది. నీవు వచ్చి బుజ్జగించాలి. "అలమరలోని నీలం గుడ్డకు పురుగు పట్టకుండా చూస్తున్నారా?" అని అడిగావు. పురుగు పట్టలేదు. ఈ జవాబు అక్షరాలా సత్యం. దానిని గురించి తక్కిన మాటలు తరువాత వ్రాస్తాను.

ఇక అసలు సంగతి. "ఆ కంపెనీ వాళ్ళు నెలాఖరుకు వెబ్‌సైటు మూసేస్తే మూసెయ్యనివ్వండి. నా రాతలు పోతే లోకం ఏమీ మునిగిపోదు. మీరు కంప్యూటరు ముందు కూర్చుని నడుం విరగ్గొట్టుకోకండి" అని వ్రాశావు. అది ఆజ్ఞ. దానిని నేను ధిక్కరించాను. చాటుగా కాదు, తలుపులు తెరిచే ధిక్కరించాను.

కంపెనీ వారి నుండి నీకు వచ్చిన ఆ ఒక్క వాక్యాన్ని నేనూ చదివాను: "ఈ సేవ నిలిపివేయబడుతుంది." ఎవరు నిలిపివేస్తున్నారో చెప్పే ధైర్యం లేనివారే ఇటువంటి వాక్యాలు వ్రాస్తారు. కుట్టు క్లాసు ముగించుకుని, కాళ్ళు లాగుతున్నా, ఆ బల్ల ముందు కూర్చుని నీవు ఆ వెబ్‌సైటులో పెట్టిన పాఠాలు అవి. కాలరు, జేబు, చేయి, బిగుతైన కోటును వదులు చేసే ఉపాయం, ఒక భుజం కాస్త వాలిన మనిషికి చొక్కా కుట్టే పద్ధతి. ఆ చివరి పాఠం కింద ఎవరో తండ్రి, తన కొడుకు మొదటిసారి అద్దం ముందు నిటారుగా నిలబడ్డాడని వ్రాసిన మాట నీకు జ్ఞాపకం ఉండకపోవచ్చు. నాకు ఉంది. దానిని ఒక కంపెనీ తుడిచివేస్తుంటే చూస్తూ కూర్చోవడానికి నేనేమైనా నల్లబల్లనా?

మీ తమ్ముడు వచ్చి సోఫాలో కూలబడి నాకు హితబోధ చేశాడు.

"ఎందుకు బావగారూ ఈ చాకిరీ? ఇప్పుడెవరు చదివి కుడుతున్నారు? అంతా వీడియోలే!"

"వీడియో చూస్తూ కుట్టేవాడు, ఒక చేత్తో గుడ్డ పట్టుకుని, ఒక చేత్తో కత్తెర పట్టుకుని, ఆ వీడియోను దేనితో ఆపుతాడోయ్? ముక్కుతోనా?"

"అక్క వద్దంది కదా!"

"మీ అక్క నన్ను పెళ్ళి చేసుకోవడానికి కూడా మొదట వద్దంది."

కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

నీ పాఠాలను పుస్తకంగా వేయించడం సులువని నేను అనుకున్నమాట నిజం. పేజీ తెరిచి, ప్రింటు నొక్కి, పీడీఎఫ్‌గా దాచుకుంటే పుస్తకం అయిపోతుందనుకున్నాను. అయింది, కాని అది నీ పుస్తకం కాదు. ప్రతి కాగితం నెత్తిన "ఇవి కూడా చదవండి" అన్న పట్టీ. చంక కోత బొమ్మ మీద పరుపుల ప్రకటన. ఒక చొక్కా చేతికి భుజం ఒక పేజీలో, మణికట్టు మరొక పేజీలో, మధ్యలో మోచేయి ఎక్కడా లేదు. అచ్చు వేయించడానికి తీసుకువెళితే ప్రెస్సాయన చూసి నవ్వాడు.

"మాస్టారూ, వెబ్ పేజీ అంటే చాప. ఎంత పరిస్తే అంత పరుచుకుంటుంది. కాగితం అంటే కుర్చీ. చాపను కుర్చీలో కూర్చోబెట్టాలంటే ఎక్కడ మడవాలో మీరే చెప్పాలి. బైండింగు వైపు చోటు ఎక్కువ వదలండి, లేకపోతే మీ అక్షరాలు కుట్లలోకి పోతాయి."

ఆ మాట నచ్చింది. ప్రకటనలు పెరికాను. పట్టీలు పెరికాను. పాఠం ఎక్కడ ఆగాలో అక్కడ ఆపాను. బొమ్మలు అంచులు దాటకుండా "పేజీకి సరిపెట్టు" అన్న చోట గుర్తు పెట్టాను. నీ ప్రతి కటింగు బొమ్మకు మూలన ఒక ఖాళీ గడి ఉంది గదా, లోపల ఏమీ లేని ఆ చతురస్రం. అది కంపెనీ వారి అలంకారమని తలచి దానినీ తీసివేశాను. కాగితం ముచ్చటగా, నున్నగా వచ్చింది. నన్ను నేను మెచ్చుకున్నాను.

ముద్రణకు పంపే ముందు పరీక్ష పెట్టాలనిపించింది. మాస్టారిని గదా. పాఠం సరిగా వచ్చిందో లేదో దాని ప్రకారం ఒక కోటు కత్తిరించి చూస్తే తెలిసిపోతుంది. అందుకు తగినంత పెద్ద గుడ్డ ఇంట్లో ఒకటే ఉంది.

అవును. నీలం గుడ్డ.

నీవు నీకోసం దాచుకున్నావని, ఇతరుల బట్టలు కుడుతూ నీ కోటును ఏటేటా వాయిదా వేస్తున్నావని తెలిసే తీశాను. తెలియక చేశానని బొంకను. నేనే పరిచాను, నేనే సుద్దతో గీశాను, నేనే కత్తెర వేశాను. నీ శిష్యురాలు, ఆ పాఠంలోని కొలతే ఒంటికి ఉన్న మన వీధి చివరి నర్సమ్మ, తన డ్యూటీ దిగి వచ్చి నీ మిషను మీద కుట్టి, తొడుక్కుంది. మధ్య బొత్తాము పెట్టబోయి ఆగింది.

"మాస్టారూ, ఊపిరి పీల్చమంటారా, వదలమంటారా?"

"మామూలుగా ఉండమ్మా."

"మామూలుగా ఉంటే బొత్తాం వెళ్ళి మీ కళ్ళజోడుకు తగులుతుంది!"

ఆమె నవ్వుతూ వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు. పాఠం తప్పా, పరీక్షించినవాడు తప్పా? అంతవరకు నేను చేయని పని అప్పుడు చేశాను. మొదటి పాఠం నుండి చదివాను. పుస్తకానికి ముందుమాట చదవని పిల్లలను బెంచీ ఎక్కించిన నేను, నీ పుస్తకాన్ని కాలరు దగ్గర మొదలుపెట్టాను! మొదటి పాఠంలో నీవు వ్రాసినది ఇది: "ప్రతి కాగితం మూలన ఒక గడి ఉంటుంది. టేపు పెట్టి చూడండి. నాలుగు వైపులా పది సెంటీమీటర్లు ఉండాలి. లేకపోతే కాగితం మీకు అబద్ధం చెబుతోంది. అలాంటప్పుడు కత్తెర ముట్టుకోవద్దు. ముందు టేపు, తర్వాత కత్తెర."

నేను "సరిపెట్టు" అన్నందుకు బొమ్మ మొత్తం కుంచించుకుపోయింది. అది కుంచించుకుపోయిందని చెప్పగల ఒకే ఒక్క సాక్షిని నేనే ముందుగా గెంటివేశాను.

వెంటనే మొత్తం మళ్ళీ మొదలుపెట్టాను. బొమ్మలను అసలు కొలతలోనే ఉంచి, పెద్దవాటిని పలు కాగితాలుగా విడదీసి, అతికించడానికి గుర్తులు పెట్టాను. ప్రతి కాగితం మీద గడి తిరిగి వచ్చింది. ప్రెస్సులో ప్రూఫు తీసినప్పుడు టేపుతో పక్కనే నిలబడ్డాను. మొదటిది తక్కువ వచ్చింది. వారి మిషను కూడా అంచుల కోసం కుదిస్తున్నదట. తిప్పి పంపాను. రెండవది కూడా తిప్పి పంపాను.

"పుస్తకం కొలత తీస్తున్నారా మాస్టారూ, నా పాడె కొలతా?" అని ప్రెస్సాయన విసుక్కున్నాడు. విసుక్కోనీ. మూడవది సరిపోయింది.

అప్పుడతను అట్ట సంగతి ఎత్తాడు. "మీ పేరు వేద్దాం. హైస్కూలు మాస్టారంటే జనానికి గురి. అమ్మగారి పేరు ఎవరికి తెలుసు?" నీవూ పోయిన ఉత్తరంలో అదే పాట పాడావు: "చేస్తే గీస్తే మీ పేరు వేసుకోండి. నాది పుస్తకం భాష కాదు. మాస్టారి భార్య ఇలా రాస్తుందా అని నలుగురూ నవ్వుతారు. మీ పరువు పోతుంది."

ఇదిగో, నేను ఇంతదాకా ఆపిన మాట. ఎర్ర కలం మూత తీసే కూర్చున్నాను. నా అలవాటు నీకు తెలియనిదా. నీవిచ్చే సరుకుల చీటీ కూడా దిద్ది గాని అంగడికి వెళ్ళేవాడిని కాను. "గుడ్డ గునిసి ముడతలు పడితే లాగకండి. దాని దారిన దాన్ని కాసేపు వదిలెయ్యండి, అదే దారికొస్తుంది" అన్న చోట కలం ఆనించాను. ఆ వాక్యాన్ని నాకు తెలిసిన అన్ని విధాల తిరగవ్రాసి చూశాను. ప్రతిసారీ గుడ్డ పోయింది, నీవూ పోయావు, ఉత్త వ్యాకరణం మిగిలింది. కలం మూత పెట్టేశాను. నీ పుస్తకంలో ఒక్క అక్షరమూ దిద్దలేదు. నలుగురూ నవ్వితే నవ్వనీ. నవ్వేవారు ముందుగా ఒక కాలరు కుట్టి చూపించమను.

ప్రెస్సాయనతో ఒకటే చెప్పాను: "నేను కత్తిరించిన కోటు ఎలా ఉందో నర్సమ్మను అడుగు. ఆ తరువాత అట్టమీద ఎవరి పేరు వేయాలో నీకే తెలుస్తుంది." అట్టమీద నీ పేరు ఎక్కింది. లోపల మొదటి పేజీలోనూ, గడి కింద, ఎక్కింది. నా పేరు ఎక్కడా లేదు. నీ అనుమతి అడగలేదు, క్షమాపణా అడగడం లేదు. ఆ నీలం కోటు నర్సమ్మ చెల్లెలికి అతికినట్టు సరిపోయింది. ఆ పిల్ల దానిని విప్పడం లేదట. నీకు మరొక నీలం గుడ్డ కొంటాను, కాని దానికి కత్తెర మాత్రం నీవే వేయాలి.

ఇప్పుడు నీకు కోపం వస్తుంది. రానీ. అయితే నీ సూత్రం నీకూ వర్తిస్తుంది: ముందు టేపు, తర్వాత కత్తెర. ఆ మొదటి పేజీని దీనితో పంపుతున్నాను. గడి మీద మడత పడకుండా జాగ్రత్తగా మడిచాను. టేపు నీ మెడలోనే ఉంటుందని తెలుసు. నాలుగు వైపులా కొలువు. ఒక్క వైపు, ఒక్క దారప్పోగంత తేడా వచ్చినా, గడి కింద ఉన్న నీ పేరును నీవే కొట్టివేసి తిప్పి పంపు. అట్టమీద కూడా తీసివేయిస్తాను, మారు మాట్లాడను.

సరిపోతే మాత్రం ఆ పేరు అక్కడే ఉంటుంది. ఆ తరువాత ఎంతసేపైనా తిట్టు, ఫోనులోనే తిట్టు. మధ్యలో పెట్టేయకుండా వింటాను.

ఇట్లు,
నీ మాట జవదాటిన
నీ భర్త