మందారాలు తెంపని రోజు

సుజాతా,

నువ్వు పోయి ఇవ్వాళ్టికి ఏడాది. పొద్దున్నే స్నానం చేసి, నీ ఫొటోకి పూలకోసం బుట్ట పట్టుకొని పెరట్లోకి వెళ్లాను. మందారం మీద తేనెపిట్ట ఉంది.

ఎర్రబోరు ఊరి వైపు సడక్ వెడల్పు చేస్తూ మన ఇంటి వెనకున్న మోదుగు చెట్లన్నీ కొట్టేశారు. ఆ పూల తేనెకి వచ్చే పిట్టలు ఈసారి రావనుకున్నాను. ఒక్కటి వచ్చింది. మందారం పెద్ద పువ్వు కదా, దాని ముక్కు తేనెదాకా అందదు. అందుకని పువ్వు వెనక్కి పోయి, తొడిమ దగ్గర పొడిచి తాగుతోంది. ఎవరు నేర్పారో.

బడిలో పిల్లలకి సైన్సు చెప్పి వచ్చి, ఇంట్లో నాకూ చెప్పేదానివి. "ఆ ముక్కు అట్లా వంగడానికి ఎన్ని వేల తరాలు పట్టిందో అక్కా. నువ్వేమో పూలన్నీ దేవుడికే తెంపుతవు. అదేం తాగాలె?" అనేదానివి. దేవుడికి తక్కువ చేయమంటావా అని కసిరేదాన్ని. "నీ దేవుడు పస్తులుండడులే" అని నవ్వేదానివి.

పక్కింటి ముత్తమ్మ గోడ మీంచి చూసింది.

"ఏంది పెద్దక్కా, సంవత్సరీకం నాడు చెల్లెకి ఒక్క పువ్వన్నా పెట్టవా?"

"పిట్ట తాగుతోంది."

"పిట్టదేముంది, ఉష్ అంటే పోతది."

వద్దన్నాను. అది ఎగిరిపోతే మళ్లీ రేపటిదాకా ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. ఇప్పటికీ ఇద్దరికి సరిపడా బియ్యం కడుగుతున్నాను.

పూలు తెంపకుండానే లోపలికి వచ్చాను. దేవుడికీ నీకూ ఇవ్వాళ దీపమే.

అక్క