రక్తం తగలని ఉన్ని

ఇబ్రహీంపట్నం,
జూన్ 2007

పూజిత నాన్నకు కరుణ నమస్కారం. నేనూ, అత్తమ్మా, పూజితా బాగున్నాం. మామ సంగతి కింద రాస్తాను. మీ క్యాంపుకు ఫోన్ కలవడం లేదు.

మంద గురించి అడిగారు. రావిర్యాల వైపు మనం మేపే బీడంతా రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. గొర్రెలను అమ్మేస్తున్నాం. ఇదే చివరి ఉన్ని. దీనితో బీరప్ప దేవుడికి గొంగడి నేయిస్తానని మామ మొక్కుకున్నాడు. మొక్కు ఉన్నికి రక్తం తగలొద్దన్నది మీ ఇంటి కట్టుబాటు.

బాపు గోళీలు మింగుతున్నాడా అని అడిగారు. లేదు.

పోయిన వారం ఉన్ని తీస్తుంటే కత్తెర మామ వేలికి తగిలింది. చిన్న గాటే, కానీ రక్తం ఎంతకీ ఆగలేదు. ఆ గొర్రె ఉన్ని పాడైంది. "గుండె గోళీతోని రక్తం నీళ్లయింది," అని ఆ రోజే మానేశాడు. అత్తమ్మ కోప్పడితే, "గుండెల స్టెంటు ఏసిండ్రు గదనే, అదేమన్న లేచి పోతదా?" అని నవ్వాడు.

నిన్న డాక్టరుకు ఫోన్ చేశాను. మామ మానేసిన ఆ గోళీ, క్లోపిడోగ్రెల్, రక్తాన్ని పలుచన చేయదట. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కట్టకుండా ఆపుతుందట. మందు తాకిన ప్లేట్‌లెట్ చచ్చేదాకా అతుక్కోదు. మానేస్తే రోజూ కొన్ని పాతవి పోయి, మందు తాకనివి పుడతాయి. వారం పది రోజుల్లో అన్నీ కొత్తవే. స్టెంట్ లోహం వాటికి గాయంలాగే కనిపిస్తుంది, అక్కడ అతుక్కుని గడ్డ కడతాయట. "వెంటనే తీసుకురండి," అన్నాడు. మామ రానన్నాడు. ఉన్ని తీయాల్సినవి ఇంకా రెండు గొర్రెలున్నాయట.

మీకు చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు రక్తం చూసి భయపడి, "గోళీ జర ఆపు మామా" అని ముందు అన్నది నేనే. ఇప్పుడు మింగమంటే, "నువ్వే గద బిడ్డా ఆపుమన్నవ్," అంటున్నాడు.

ఇంతవరకు రాసేసరికి కత్తెర చప్పుడు ఆగింది. వెళ్లి చూశాను. గొర్రె సగం ఉన్నితో వాకిట్లో తిరుగుతోంది. మామ గోడకు ఆనుకుని ఛాతీ రుద్దుకుంటున్నాడు. ఒళ్లంతా చెమట. "గ్యాసే బిడ్డా, ఫికర్ చెయ్యకు," అన్నాడు.

డాక్టరుకు ఫోన్ చేస్తే గోళీలు వేసి దవాఖానకు తెమ్మన్నాడు. వేశాం. క్లోపిడోగ్రెల్ కాలేయంలో మారితేనే పనిచేస్తుందట, దానికి గంటలు పడుతుందట. అత్తమ్మ మామను పట్టుకుని కూర్చుంది. పక్కింటి ముఖీమ్ అన్న ఆటో తేవడానికి పోయాడు. ఈ ఉత్తరం దారిలో డబ్బాలో వేస్తాను. సెలవు అడిగి బయలుదేరండి.

ఆటో వచ్చింది. ఉన్ని మూట కట్టి ఇంట్లో పెట్టాను. ఒక్క చుక్క రక్తం తగల్లేదు.

ఇట్లు,
మీ బాపు కోడలు,
కరుణ