సీసాలు పడేసింది మీరు

ఏమండీ, అన్నం కుక్కర్లో ఉంది, కూర వేడి చేసుకోండి. పాపని బడి నుంచి తీసుకొచ్చాక దగ్గు మందు తాగించండి. నేను బేకరీ నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది.

ఇక నిన్నటి సంగతి. కాగితాల చెత్త మాత్రమే వేయాల్సిన డబ్బాలో గాజు సీసాలు ఎవరు వేశారని బిల్డింగ్ చూసుకునే ఆవిడ పైకొచ్చి అడిగితే మీరేమన్నారు? "మా ఇంటావిడ కొత్తండీ, ఏమీ తెలీదు, నేను నేర్పిస్తాలెండి" అన్నారు. పైగా నవ్వారు! నేను మీ వెనకే నిలబడి తువ్వాళ్లు మడతపెడుతున్నాను. ఇక్కడి భాష నాకు రాదనే కదా మీ ధైర్యం? నేను క్లాసుకి కాలక్షేపానికి వెళ్తున్నానా? ప్రతి ముక్కా అర్థమైంది. సీసాలు వేసింది మీరు. "ఎక్కడేస్తే ఏంటి, ఎవరు చూడొచ్చారు" అన్నదీ మీరే. నాకు ఒళ్లు మండిపోయింది.

అందుకే ఇందాక కిందికెళ్లి ఆవిడ తలుపు కొట్టాను. తప్పులతడకగానే అయినా, "నేను కాదు, మా ఆయన" అని చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోయి, "నువ్వు మాట్లాడతావా!" అంటూ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చింది. ఈ దేశం వచ్చాక నన్ను ఇంట్లోకి రమ్మన్న మొదటి మనిషి.

సాయంత్రం మళ్లీ పైకొస్తానంది. ఏం చెప్పుకుంటారో మీరే చెప్పుకోండి.

అన్నట్టు, మీరు చెడ్డవారు కాదని, ఉత్త పిరికివారని కూడా చెప్పాను. పిరికి అన్న మాట తెలియక, ఆవిడ తలుపు వెనక నక్కి చూపించాను.